మందుల చీటీ మీద ఎవరి సంతకం?

సౌదీ అరేబియాలో ఏ పెద్దాసుపత్రిలోనైనా అర్ధరాత్రి దాటాక జరిగే పనే ఇది. ఐసీయూలో ఉన్న రోగి రక్తపరీక్ష రిపోర్టు కంప్యూటర్‌లో పడింది. పొటాషియం లీటరుకు 2.9 మిల్లీమోల్ అని ఉంది. 3.5కి తగ్గకూడదు. తగ్గితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ఆ మంచం దగ్గర డ్యూటీలో ఉన్నది మన తెనాలి అమ్మాయో, కరీంనగర్ అమ్మాయో అనుకుందాం. ఐసీయూలో పదేళ్ల అనుభవం ఉంది. ఎంత మందు, ఎంత సెలైన్‌లో కలిపి, ఎన్ని గంటల్లో ఎక్కించాలో ఆమెకు తెలుసు. అయినా ముందు డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేయాలి. ఆయన ఎమర్జెన్సీలో ఇంకో రోగి దగ్గర ఉంటాడు. దొరికాక ఆయన చెప్పింది రాసుకోవాలి. రాసుకున్నది తిరిగి చదివి వినిపించాలి. ఆయన అవునన్నాక ఇంకో నర్సును పిలిచి, డోసు ఇద్దరూ విడివిడిగా సరిచూసుకుని, అప్పుడు పంపు మొదలుపెట్టాలి. ఆ తర్వాత డాక్టరు వచ్చి తాను ఫోన్‌లో చెప్పిన ఆర్డరు కింద సంతకం పెట్టాలి.

ఇదే పరిస్థితికి ఆస్పత్రిలో ముందుగానే ఒక ప్రోటోకాల్ రాసి, వైద్యవిభాగం ఆమోదించి ఉంచిందనుకోండి. అప్పుడు ఫోన్ కోసం ఆగే పని లేదు. అంకె ఇంతకు పడితే ఇంత డోసు అని అందులో ఉంటుంది కాబట్టి ఆమె వెంటనే మొదలుపెట్టి, తర్వాత డాక్టరుకు చెబుతుంది. నర్సు మారలేదు, ఆమె చదువూ మారలేదు. మారిందల్లా ఆమె వెనక ఉన్న కాగితం.

అడ్వాన్స్‌డ్ ప్రాక్టీస్ నర్సు గురించిన చర్చంతా ఈ కాగితం గురించే. ఆస్పత్రి గోడల మధ్య ప్రోటోకాల్‌గా ఉన్నదాన్ని దేశం మొత్తానికి చట్టంగా రాయాలా, రాస్తే ఎవరికి, ఎంతవరకు అన్నదే ప్రశ్న. సౌదీ ఆస్పత్రుల్లో రోగి చేయి పట్టుకునేది చాలాచోట్ల ఇండియా నుంచో ఫిలిప్పీన్స్ నుంచో వెళ్లిన నర్సు. అందుకే ఆ దేశపు చట్టంలోని వాక్యాలు మన ఇళ్లకూ సంబంధించినవే.

మామూలు నర్సుకూ అడ్వాన్స్‌డ్ ప్రాక్టీస్ నర్సుకూ తేడా ఏమిటో ముందు చూద్దాం. అంతర్జాతీయ నర్సుల మండలి 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అడ్వాన్స్‌డ్ ప్రాక్టీస్‌కు కనీసం పీజీ చదువు ఉండాలి. రోగిని పరీక్షించడం, జబ్బు ఏమిటో తేల్చడం, కావలసిన పరీక్షలకు రాసివ్వడం, చాలాచోట్ల మందులు రాయడం కూడా ఆమె పనిలో భాగమవుతాయి. 1965లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో లోరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి మొదటి నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు పెట్టారు. డాక్టర్లు చేరని పల్లెల్లో పిల్లలకు వైద్యం ఎలా అన్నదే అప్పటి సమస్య. అయితే కోర్సు పెట్టినంతలో పని మారిపోలేదు. జబ్బు తేల్చడం, చికిత్స చేయడం కూడా నర్సు పరిధిలోనివేనని చట్టంలో మొదట రాసిన అమెరికా రాష్ట్రం ఐడహో. ఆ సంవత్సరం 1971. ఇప్పటికీ అక్కడ రాష్ట్రానికో తీరు. సగానికి పైగా రాష్ట్రాల్లో డాక్టరు పర్యవేక్షణ లేకుండానే ఆమె క్లినిక్ నడపవచ్చు. టెక్సాస్‌లో డాక్టరుతో ఒప్పందం లేనిదే మందు రాయకూడదు. ఒక రాష్ట్రంలో చేసే పనికి పక్క రాష్ట్రంలో అనుమతి ఉండదు. బ్రిటన్‌లో 2006 నుంచి, అర్హత పొందిన నర్సులు దాదాపు అన్ని మందులూ స్వతంత్రంగా రాస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నివేదికలో 78 దేశాలు తమ దగ్గర ఏదో ఒక రూపంలో ఇలాంటి నర్సులు ఉన్నారని చెప్పాయి.

సౌదీలో రాష్ట్రాలు లేవు, రాష్ట్ర శాసనసభలూ లేవు. 13 పాలనా ప్రాంతాలున్నా చట్టం ఒకటే. షూరా మండలిలోని 150 మంది సభ్యులనూ రాజే నియమిస్తారు. ముసాయిదా అక్కడ చర్చకు వస్తుంది, మంత్రిమండలి చూస్తుంది, చివరికి రాజశాసనంగా వెలువడి 'ఉమ్ అల్ ఖురా' గెజిట్‌లో అచ్చవుతుంది. రాష్ట్రానికో పోరాటం అక్కర్లేదు కాబట్టి, పైవాళ్లు తలుచుకుంటే మార్పు దేశమంతటా ఒక్కసారే వస్తుంది. తలుచుకోకపోతే ఏదో ఒక రాష్ట్రంలో ముందు చేసి చూపించే దారి కూడా ఉండదు.

వైద్యవృత్తులన్నిటికీ అక్కడ మూలచట్టం 2005లో, అంటే హిజ్రీ 1426లో, ఎం/59 అనే రాజశాసనంతో వచ్చింది. ఆరోగ్య వృత్తుల్లో పనిచేసేవారెవరో చెబుతూ అది డాక్టర్లు, దంతవైద్యులు, ఫార్మసిస్టుల తర్వాత రేడియాలజీ, ల్యాబ్, అనస్థీషియా సిబ్బందితో పాటు నర్సులనూ టెక్నీషియన్ల వరుసలో చేర్చింది. లైసెన్సు లేకుండా ఈ వృత్తులు చేస్తే ఆరు నెలల వరకు జైలు, లక్ష రియాళ్ల వరకు జరిమానా, లేదా ఈ రెండిట్లో ఒకటి. మందు రాసే నర్సు అనే వర్గాన్ని ఆ నిర్వచనం వేరుగా పేర్కొనలేదు. ఇరవై ఏళ్ల కిందటి పరిస్థితికి అది సరిపోయి ఉండవచ్చు. అప్పటికి ఆ దేశంలో నర్సింగ్ చదువు వయసే తక్కువ.

ఆ చరిత్ర కూడా కొంత తెలియాలి. లుత్ఫియా అల్ ఖతీబ్ అనే సౌదీ మహిళ కైరోలో నర్సింగ్ చదివి 1941లో తిరిగి వచ్చి, తమ ఆడపిల్లలకూ ఈ చదువు కావాలని ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చింది. 1958లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో రియాద్‌లో మొదలైన శిక్షణలో చేరింది 15 మంది మగవాళ్లు. ప్రాథమిక పాఠశాల చదువు ఉంటే చాలు, చేర్చుకునేవారు. ఆడపిల్లలకు రియాద్‌లో, జెడ్డాలో 1961లో స్కూళ్లు తెరిచారు. కింగ్ సౌద్ విశ్వవిద్యాలయంలో బీఎస్సీ నర్సింగ్ 1976లో, పీజీ 1987లో మొదలయ్యాయి. చదువు ఇంత వేగంగా ఎదిగినచోట చట్టం వెనకబడటంలో వింత లేదు. ఎంతకాలం అలా ఉండనిస్తారన్నదే అడగవలసింది.

రాజశాసనం కింద రోజువారీ నిబంధనలు చూసేది సౌదీ కమిషన్. ఆరోగ్య వృత్తుల కోసం 1992లో పెట్టిన సంస్థ అది. మన నుంచి వెళ్లే ప్రతి నర్సుకూ దాని గడప దాటక తప్పదు. సర్టిఫికెట్లు డేటాఫ్లోకు పంపాలి. వాళ్లు కాలేజీకీ, నర్సింగ్ కౌన్సిల్‌కూ, పాత ఆస్పత్రికీ రాసి నిజమో కాదో తేలుస్తారు. తర్వాత ప్రోమెట్రిక్ సెంటర్లో పరీక్ష. ఆపైన ముమారిస్ ప్లస్ పోర్టల్లో రిజిస్ట్రేషన్. అక్కడ ఆమె హోదా ఖరారవుతుంది. డిప్లొమా ఉంటే టెక్నీషియన్, నాలుగేళ్ల డిగ్రీ ఉంటే స్పెషలిస్టు, పీజీ ఉండి తగిన అనుభవం ఉంటే సీనియర్ స్పెషలిస్టు, డాక్టరేట్ దాకా వెళితే కన్సల్టెంట్.

పేర్లు గొప్పగానే ఉన్నాయి. కానీ ఈ అంచెలు కొలిచేది చదువునూ అనుభవాన్నీ మాత్రమే. జీతం, ప్రమోషన్ వాటిని బట్టి ఉంటాయి. ఇన్ని అంచెలు ఎక్కినంత మాత్రాన మందు రాసే అధికారం దానంతటది రాదు. ఇక్కడ ఎమ్మెస్సీ చేసిన అమ్మాయి కాంట్రాక్టులో స్టాఫ్ నర్సు అని ఉంటే అక్కడ చేసేది స్టాఫ్ నర్సు పనే. ఆపైన ఇంకేం చేయవచ్చో ఆ ఆస్పత్రి నిర్ణయిస్తుంది. కొన్ని స్పెషలిస్టు ఆస్పత్రుల్లో చేతి రక్తనాళం నుంచి గుండె దగ్గరి దాకా వెళ్లే సన్నని గొట్టాన్ని శిక్షణ పొందిన నర్సులే అల్ట్రాసౌండ్ చూస్తూ వేస్తారు. ఆ అనుమతి ఆ ఆస్పత్రి ఇచ్చింది. ఆస్పత్రి మారితే అనుమతి వెంట రాదు, మళ్లీ మొదటి నుంచి నిరూపించుకోవాలి.

మందుల చీటీ దగ్గర గీత ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. యాంటీబయాటిక్స్ చీటీ లేకుండా అమ్మకూడదన్న నిబంధనను సౌదీ 2018లో గట్టిగా అమలు చేయడం మొదలుపెట్టింది. అది అవసరమైన పనే. చీటీ కూడా ఇప్పుడు ఎక్కువగా ఎలక్ట్రానిక్ రూపంలోకి వచ్చింది. ప్రభుత్వ 'వస్ఫతీ' సేవలో డాక్టరు మందు రాస్తే రోగి ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. దగ్గర్లోని ఫార్మసీలో ఆ నంబరు చూపించి తీసుకుంటాడు. పాతరోజుల్లో క్లినిక్ నర్సు అలవాటైన బీపీ మాత్రల పేరు కాగితం మీద రాసిచ్చేది, సాయంత్రం డాక్టరు చూసి సంతకం పెట్టేవాడు. అలాంటి సర్దుబాట్లకు ఈ పద్ధతిలో చోటు తక్కువ. అధికారం ఎవరికి ఉందన్నది లాగిన్ దగ్గరే తేలిపోతుంది. కాబట్టి చట్టంలో రాయని పని ఆస్పత్రి పెద్దమనసుతో జరిగిపోయే కాలం ముగుస్తోంది.

నా దృష్టిలో అన్నిటికన్నా బరువైనది బాధ్యత. అధికారం గురించి చాలామంది మాట్లాడతారు, తప్పు జరిగితే ఏమిటన్నది ఆఖరున గుర్తొస్తుంది. సౌదీలో వైద్యంలో పొరపాటు వల్ల హాని జరిగితే నష్టపరిహారం చెల్లించాలని 2005 చట్టమే చెబుతోంది. ఫిర్యాదును ప్రత్యేక షరియా వైద్య మండలి విచారిస్తుంది. మనిషి పోతే ఆ కుటుంబానికి చెల్లించే రక్తధనం లెక్కకు వస్తుంది. ప్రమాదవశాత్తు జరిగిన మరణానికి, చనిపోయింది ముస్లిం పురుషుడైతే, ఆ మొత్తాన్ని 2011లో 3 లక్షల రియాళ్లకు పెంచారు. మన రూపాయల్లో అరవై లక్షలకు పైమాటే. ఇకామా అనే నివాస అనుమతి మీద బతికే నర్సుకు కేసు నడిచే కాలంలో దేశం విడిచి రావడానికి కూడా వీలు లేకుండా పోవచ్చు.

2005 చట్టం వృత్తిపరమైన పొరపాట్ల బీమాను డాక్టర్లకూ దంతవైద్యులకూ తప్పనిసరి చేసింది. మిగతా వృత్తులకు దాన్ని విస్తరించే అధికారాన్ని మంత్రిమండలికి వదిలింది. ఆ వాక్యం రాసినవాళ్లకు నిర్ణయం తీసుకునేది డాక్టరు, అమలు చేసేది నర్సు అన్న లెక్క ఉంది. నర్సుకు నిర్ణయాధికారం ఇచ్చే రోజున ఆ లెక్క తిరగరాయాలి. అధికారం మాత్రం ఇచ్చి బీమా, రక్షణ లేకుండా వదిలేస్తే దాన్ని పాత్ర పెంచడం అనలేం. డాక్టరు భుజం మీది బరువును దించి తక్కువ జీతగత్తె భుజం మీద పెట్టడమే అవుతుంది. పరాయి దేశంలో, భాష పూర్తిగా రాని చోట, ఉద్యోగం పోతే వీసా పోయే మనిషి మీద అలా పెట్టడం అన్యాయం.

ఇంతా చేసి సౌదీకి ఈ నర్సులు ఎందుకు కావాలి? 2022 జనాభా లెక్కల్లో దేశ జనాభా 3.2 కోట్లు దాటింది. పెద్దవాళ్లలో సుమారు ఆరో వంతు మందికి షుగర్ ఉంది. ఇలాంటి రోగికి కావలసింది ఏడాదికోసారి పెద్ద డాక్టరు దర్శనం కాదు. మూడు నెలలకోసారి పరీక్ష రిపోర్టు చూసి, ఇన్సులిన్ డోసు రెండు యూనిట్లు అటోఇటో సవరించి, అరికాలు తడిమి స్పర్శ తగ్గిందేమో చూసి, రంజాన్ నెలలో ఉపవాసం ఉంటే ఏ మందు ఏ వేళకు మార్చుకోవాలో ఓపికగా చెప్పే మనిషి కావాలి. దేశంలో రెండు వేలకు పైగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలున్నాయి. జీజాన్ కొండల్లోనో, అరార్ లాంటి ఉత్తర సరిహద్దు ఊళ్లలోనో స్పెషలిస్టు డాక్టరును ఏళ్ల తరబడి నిలబెట్టడం తేలిక కాదు. విజన్ 2030 ప్రణాళికలో భాగంగా ఆస్పత్రులను 20 ఆరోగ్య క్లస్టర్ల కింద చేర్చి, వైద్యాన్ని పెద్దాసుపత్రి నుంచి ఊరి క్లినిక్ వైపు తిప్పాలని ప్రభుత్వం చెబుతోంది. ఆ మాట నిలబడాలంటే క్లినిక్‌లో నిర్ణయం తీసుకోగలిగినవాళ్లు ఉండాలి.

నర్సు చూస్తే రోగికి నష్టం జరగదా? ఈ భయాన్ని కొట్టిపారేయకూడదు. 2018లో కాక్రేన్ సంస్థ ప్రాథమిక వైద్యంలో డాక్టర్ల బదులు నర్సులు చూసిన 18 ప్రయోగాలను కలిపి పరిశీలించింది. రోగుల ఆరోగ్యం దాదాపు అంతే బాగుంది, కొన్ని విషయాల్లో కొంచెం మెరుగ్గా కూడా ఉంది. రోగులు ఎక్కువ తృప్తిగా ఉన్నారు. ఒక్కో రోగితో నర్సులు ఎక్కువసేపు గడిపారు. అయితే ఆ నర్సులు ప్రత్యేక శిక్షణ పొందినవారు, ఆ ప్రయోగాలు ఎక్కువగా సంపన్న దేశాల్లో జరిగినవి. పైగా అందులో ఉన్నది ప్రాథమిక వైద్యం. ఎవరూ గుర్తించని అరుదైన జబ్బును పట్టుకోవడానికి డాక్టరు చదివే ఏళ్ల చదువు వేరు. దాన్ని నర్సింగ్ పీజీ భర్తీ చేస్తుందని నేను అనను. చట్టంలో పరిధి అనే మాటకు అందుకే అంత విలువ. ఏది చూడవచ్చో ఎంత స్పష్టంగా రాస్తామో, ఏ లక్షణం కనపడగానే డాక్టరుకు పంపి తీరాలో అంతే స్పష్టంగా రాయాలి.

ఈ సంగతిలో మన రాష్ట్రాలు సౌదీ నుంచి నేర్చుకునే స్థితిలో కాదు, సౌదీకి చూపించే స్థితిలో ఉన్నాయి. కాన్పుల సంగతే చూడండి. తెలంగాణలో కాన్పుల్లో సిజేరియన్లు 60.7 శాతమని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. దేశంలోకెల్లా అదే ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. ఈ సర్వేకు ముందే, 2017లో, తెలంగాణ ప్రభుత్వం హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఆస్పత్రి, యునిసెఫ్‌లతో కలిసి ప్రభుత్వ నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ ఈ పని కోసం ఎన్నో ఏళ్లుగా పట్టుబట్టినవారు. శిక్షణ పొందినవాళ్లు కరీంనగర్ మాతాశిశు ఆస్పత్రి లాంటి చోట్ల కాన్పు గదుల్లోకి వెళ్లారు. నొప్పులు పడుతున్న తల్లిని వెల్లకిలా పడుకోబెట్టకుండా నడిపించడం, బంతి మీద కూర్చోబెట్టడం, తోడుగా ఒక మనిషిని లోపలికి రానివ్వడం, అనవసరంగా కోత పెట్టకపోవడం వాళ్ల పద్ధతి. తేడా కనపడితే డాక్టరును పిలవడం కూడా ఆ శిక్షణలో భాగమే. 2018 డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు ఇచ్చింది. తెలంగాణ అప్పటికే ఆ దారిలో ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ ఆరోగ్య క్లినిక్కుల్లో కూర్చునే బీఎస్సీ నర్సును ఊరివాళ్లు ఎరుగుదురు. బీపీ, షుగర్ చూస్తుంది. ఉన్న మందులు ఇస్తుంది. తేలనిదైతే ఈ-సంజీవని తెర మీద డాక్టరును కలుపుతుంది. ఆయన రాసిన చీటీ ప్రకారం అక్కడే మాత్రలు చేతిలో పెడుతుంది. ప్రభుత్వ పథకం కింద ఉపకేంద్రాల నర్సులు మందులు పంచవచ్చని 1945 డ్రగ్స్ రూల్స్‌లోని 'కె' షెడ్యూల్ ఎప్పటినుంచో వెసులుబాటు ఇస్తోంది. రాయడానికి మాత్రం అది అనుమతి కాదు. 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టంలోని 32వ సెక్షన్, డాక్టర్లు కానివారికి పరిమిత లైసెన్సు ఇవ్వవచ్చని చెప్పినప్పుడు భారత వైద్య సంఘం దేశవ్యాప్త సమ్మెకు పిలుపునిచ్చింది. దొంగ డాక్టర్లకు తలుపు తెరుస్తున్నారన్నది వాళ్ల భయం. ఆ సెక్షన్‌లో పరిధి సరిగా రాయకపోవడం ఆ భయానికి బలమిచ్చింది. ఇంతలో ఊళ్లో రోగి ఆర్ఎంపీ దగ్గరికి వెళుతూనే ఉన్నాడు. నాలుగేళ్లు చదివిన నర్సు చేతులు కట్టుకుని కూర్చుంటే లాభపడేది ఎవరో ఆ సంఘం కూడా ఆలోచించాలి.

ఇప్పుడు మన దగ్గర ఒక తలుపు తెరిచి ఉంది. 1947 నాటి భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. దాని కింద ప్రతి రాష్ట్రానికీ ఒక రాష్ట్ర కమిషన్ ఉండాలి. అమరావతిలో, హైదరాబాద్‌లో ఆ కమిషన్ల నియమాలు రాసేవాళ్లు కరీంనగర్ కాన్పు గదిలో జరుగుతున్నదాన్ని నియమంగా మార్చాలి. పద్దెనిమిది నెలలు చదివిన మిడ్‌వైఫ్‌కు సొంత పోస్టు పేరు, సొంత రిజిస్టరు, రాసిపెట్టిన పరిధి ఉండాలి. బదిలీలో ఆమెను మళ్లీ జనరల్ వార్డుకు పంపకూడదు. ఇది నర్సుల గౌరవం కోసం మాత్రమే కాదు. రేపు ఆమె రియాద్‌కు దరఖాస్తు పెడితే డేటాఫ్లో అడిగేది రిజిస్టరులో ఏముందని. మన రిజిస్టరులోనే స్టాఫ్ నర్సు అని ఉంటే సౌదీ కమిషన్ అంతకన్నా పెద్ద పేరు ఎందుకు పెడుతుంది?

వెళ్లేవాళ్లు ఈలోగా చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. నర్సులు మోసపోకుండా గల్ఫ్ లాంటి దేశాలకు నియామకాలు ప్రభుత్వ సంస్థల ద్వారా జరగాలని కేంద్రం 2015లో నిబంధన పెట్టింది. తెలంగాణకు టామ్‌కామ్, ఆంధ్రకు ఓంక్యాప్ ఉన్నాయి. ఇంటర్వ్యూకు కూర్చున్నప్పుడు జీతం, టికెట్టు, వసతి అందరూ అడుగుతారు. కాంట్రాక్టులో పోస్టు పేరు సౌదీ కమిషన్ ఇచ్చే హోదాతో సరిపోతుందో లేదో కూడా అడగాలి. ఏ వార్డు, ఆ వార్డులో నర్సు సొంతంగా చేసేవేమిటి, వాటికి రాతపూర్వక ప్రోటోకాల్ ఉందా అని అడగాలి. డాక్టరు ఫోన్‌లో ఇచ్చిన ఆర్డరు మీద ఎన్ని గంటల్లో సంతకం పెడతారో ఆస్పత్రి పాలసీలో ఉంటుంది, అది చేరిన మొదటి వారంలోనే చదువుకోవాలి. పొరపాట్ల బీమా తన పేరు మీద ఉందా, ఆస్పత్రి పేరు మీద ఉందా, ఎంత మొత్తానికి, ఉద్యోగం మానేశాక పాత కేసు వస్తే వర్తిస్తుందా అన్నవి నోటిమాటగా కాకుండా కాగితం మీద తెలుసుకోవాలి. ఆ పాలసీ కాపీ ఒకటి తన ఫోన్‌లోనూ, ఇంకొకటి ఊళ్లో అమ్మానాన్నల దగ్గరా ఉంచాలి.